నూట తొంభై లోపు

పదమూడు మెట్లు. ముప్ఫై నాలుగేళ్ళుగా ఆ ఇంట్లోనే ఉంటున్నా, నేలమాళిగలోకి ఎన్ని మెట్లున్నాయో మార్లిస్ ఏనాడూ లెక్కపెట్టుకోలేదు. విడిచిన బట్టలు తీసుకుని దిగడం, ఉతికినవి బుట్టలో పెట్టుకుని ఎక్కడం, ఆ మెట్లతో ఆవిడకి అంతవరకే పని. ఇప్పుడు నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. ఏడో మెట్టు కిర్రుమంటుంది. పదో మెట్టు దగ్గర ఆవిడ మోకాలు కిర్రుమంటుంది.

"పందొమ్మిది!" అని అరిచాడు రీనో కిందనుంచి.

"ఇరవై రా. ఇందాకటిది మింగేశావు."

"మంచినీళ్ళు మింగడానికే నాకు గతిలేదు, నీ మెట్లు మింగుతానా? పందొమ్మిదే. ఎక్కు."

రీనో ఆవిడ తమ్ముడు. యాభై మూడేళ్ళ మనిషి. మంచు మీద చేపలు పట్టడానికి పట్టుకెళ్ళే బకెట్టుని బోర్లించి, దానిమీద కూర్చుని, బట్టలుతికే యంత్రానికి వీపు ఆనించుకుంటాడు. డయాలసిస్ సూదులు గుచ్చడానికి డాక్టర్లు కోసి కలిపిన నరం అతని ఎడమ చేతిమీద బొటనవేలి లావున ఉబ్బి ఉంటుంది. మూడేళ్ళ నుంచి సోమ, బుధ, శుక్రవారాలు నలభై మైళ్ళు వెళ్ళి, నాలుగేసి గంటలు ఆ యంత్రం పక్కన పడుకుని వస్తున్నాడు. మిగిలిన మంగళ, గురు, శనివారాలు పొద్దున్నే పాత ట్రక్కు వేసుకుని ఇక్కడికొస్తాడు, అక్క చేత మెట్లెక్కించడానికి.

అక్క బరువు నూట తొంభై పౌన్ల లోపుకి దిగితే, ఆవిడ కిడ్నీ ఒకటి తమ్ముడికి తీసి పెడతారు. రీనో నమ్మిన మాట అది. మార్లిస్ నోటి నుంచి ఊడిపడ్డ అబద్ధం అది.

నవంబరులో అయిపోయాయి ఆసుపత్రి పరీక్షలన్నీ. రక్తం కలిసింది. గుండె బాగుంది. యాభై ఎనిమిదేళ్ళు నిండినా, రెండువందల పద్నాలుగు పౌన్ల బరువున్నా, చక్కెర లేదు, రక్తపోటు లేదు, అన్నీ సరిపోయాయన్నారు. ఆఖరున ఓడెగార్డ్ అనే ఒకావిడ మార్లిస్‌ని ఒక చిన్న గదిలోకి పిలిచి తలుపు వేసింది. ఇచ్చేవాళ్ళ తరఫున మాట్లాడటమే ఆవిడ ఉద్యోగం. పుచ్చుకునేవాళ్ళ మొహం కూడా చూడదట.

"మీ మీద ఎవరైనా ఒత్తిడి తెస్తున్నారా?" అని అడిగింది.

"లేదండీ."

"మీకు ఇష్టమేనా?"

 మార్లిస్ చేతులు ఒళ్ళో పెట్టుకుని చూసుకుంటే వేళ్ళు వాటంతటవే వణుకుతున్నాయి. ఓడెగార్డ్ అది చూసి, కాగితం మడిచేసి, "మీరు వద్దనుకుంటే వద్దనే. ప్రస్తుతానికి కుదరదని ఒక్క ముక్క చెబుతాం మీవాళ్ళకి. ఎందుకో చెప్పం. అడిగినా చెప్పం," అంది.

మార్లిస్ వద్దంది.

తిరుగు ప్రయాణంలో ట్రక్కు రీనోయే నడిపాడు. మంచు కురుస్తోంది. ట్రక్కు అద్దం మీద తుడిచే పుల్లలు అటూ ఇటూ కొట్టుకుంటున్నాయి. ఊరు దాటాక రోడ్డు మీంచి చూపు తిప్పకుండానే, "ఏంటటక్కా? ఎందుకు కుదరదంట?" అన్నాడు.

"లావున్నానట," అనేసింది మార్లిస్.

"ఎంతకి రావాలంట?"

ఆవిడ వెతుక్కుంది. ఈ జన్మలో మళ్ళీ తన ఒంటికి పట్టని అంకె ఒకటి కావాలి. పెళ్ళికి ముందెప్పుడో చూసిన అంకె గుర్తొచ్చింది. "నూట తొంభై లోపు."

రీనో స్టీరింగు మీద అరచేత్తో ఒక్క చరుపు చరిచాడు. "అంతేనా! ఓసి నీ దుంపతెగ, చంపేశావు కదే! ఇరవై నాలుగు పౌన్లేనా? మనమే దింపుకుందాం!"

మనమే, అన్నాడు. అప్పుడు మొదలైంది మార్లిస్‌కి అసలు భయం.

వ్యాయామశాల ఉన్నది నలభై మైళ్ళ అవతలి ఊళ్ళోనే. చలికాలం మొదలయ్యాక ఆ రోడ్డు గాజు పలకలా ఉంటుంది. అక్కడికి రాలేనంటే వాడే ఊరుకుంటాడనుకుంది మార్లిస్. వాడు డయాలసిస్ చోట తిండి సంగతులు చెప్పే అమ్మాయినడిగి ఒక కాగితం రాయించుకొచ్చాడు. ఏ సామానూ లేకుండా ఇంట్లోనే ఒళ్ళు కరిగించుకోవడం ఎలాగో ఆ పిల్ల బొమ్మలేసి మరీ ఇచ్చింది. గోడకి చేతులానించి ముందుకీ వెనక్కీ వంగడం. కుర్చీలో కూర్చుని చేతులు ఆనించకుండా లేవడం, ముప్ఫైసార్లు. చేతికో టమాటా డబ్బా పట్టుకుని భుజాల మీదుగా ఎత్తడం. నిలబడ్డచోటే నడక. అన్నిటికంటే గొప్పది మెట్లెక్కడమట.

"సామానెందుకే, ఇల్లే సామాను," అనేవాడు రీనో. పొద్దున పదింటికి రేడియోలో అకార్డియన్ పాటలు వేస్తే, "ఊఁ, కానీ, కుర్రప్పుడు డాన్సు హాల్లో ఎంతమంది కాళ్ళు తొక్కావో లోకానికి తెలుసు," అని వంటింట్లో ఆవిడ చేత చిందులేయించేవాడు. తను మాత్రం లేవలేడు. రెండడుగులేస్తే రొప్పు. మంచు గడ్డ ముక్క ఒకటి బుగ్గన పెట్టుకుని చప్పరిస్తూ తాళం వేసేవాడు. రోజుకి వాడికి నాలుగు గ్లాసుల నీళ్ళే. గడ్డ ముక్కలు కూడా అందులో లెక్కే.

ఒకసారి మార్లిస్, "పెరట్లో ఆవిరి గది ఉంది కదరా, పొయ్యి రాజేసుకుని అందులో కూర్చుంటే ఇంతకంటే తొందరగా దిగుతుంది," అంది. మెట్లు తప్పించుకోవచ్చని.

"అది నీళ్ళు దిగడం అక్కా, ఒళ్ళు దిగడం కాదు. ఒక గ్లాసుడు తాగితే మళ్ళీ ఎక్కి కూర్చుంటుంది. నీళ్ళ సంగతి నాకు చెప్పకు."

తూకం గురువారం. బరువు చూసుకునే యంత్రం మార్లిస్ స్నానాల గదిలో తివాచీ మీద ఉండేది. తివాచీ మీద తూకం అబద్ధమాడుతుందని రీనో దాన్ని నేలమాళిగలోకి దించి, సిమెంటు నేల మీద సరిగ్గా సమంగా ఉన్న చోటు వెతికి పెట్టాడు. పక్కనే గోడకి విత్తనాల కొట్టువాళ్ళ కేలండరు వేలాడదీసి, దానికో పెన్సిలు కట్టాడు. ప్రతి గురువారం గడిలో ఒక అంకె.

మొదట్లో మార్లిస్‌కి దిగులేమీ లేదు. తమ్ముడి ట్రక్కు మలుపు తిరగడం ఆలస్యం, సామాన్ల గదిలోకి దూరి వేరుసెనగ ముద్ద సీసా మూత తీసి చెంచాతో తినేది. ముప్ఫై ఏళ్ళు బడి వంటింట్లో గరిటె తిప్పిన మనిషి, ఒళ్ళు చేయించడం ఎలాగో ఆవిడకి తెలుసు. బంగాళదుంపల మీద మీగడ, దానిమీద జున్ను తురుము, పొయ్యిలో పెట్టి ఎర్రగా కాల్చుకుని, ఒక్కతే కూర్చుని సగం పళ్ళెం లాగించేది. డిసెంబరంతా అంకె రెండువందల పదికి ఇటు రాలేదు. రీనో మెట్లు పెంచాడు. పదిసార్ల నుంచి పదిహేను, పదిహేను నుంచి ఇరవై.

జనవరిలో వాడి కుడి చేతి నరం మూసుకుపోయింది. అంతకుముందు సూదులు గుచ్చింది ఆ చేతికే. ఇప్పుడు ముందుజాగ్రత్తగా చేసి ఉంచిన ఎడమది ఒక్కటే మిగిలింది. ఇది కూడా పోతే మెడలోంచి గొట్టం వెయ్యాలన్నారు, అది ఎన్నాళ్ళు పనిచేస్తుందో తమకీ తెలీదన్నారు. ఆ సంగతి రీనో మెట్ల కింద కూర్చుని, మంచు ముక్క చప్పరిస్తూ, వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పాడు. చెప్పి, "ఇటురా, చెయ్యిపెట్టు, పిల్లి పడుకుని గుర్రుమన్నట్టుంటుంది," అని ఆవిడ వేళ్ళు పట్టి తన ఎడమ చేతి నరం మీద పెట్టుకున్నాడు. లోపల ఏదో జుయ్యిమని తిరుగుతోంది. మార్లిస్ నిప్పు తగిలినట్టు చెయ్యి లాక్కుంది.

ఆ రోజు నుంచి ఆవిడకి తిండి దిగడం మానేసింది. చెంచాడు వేరుసెనగ ముద్ద నోట్లో పెట్టుకుంటే గొంతులో మట్టిలా అడ్డం పడేది. దుంపల పళ్ళెం ముట్టకుండానే తీసి పారబోసేది. మెట్లు ఒకవైపు, భయం ఒకవైపు, రెండూ కలిసి ఒంటిని పట్టుకుని పిండేశాయి. రెండువందల మూడు. నూట తొంభై తొమ్మిది. నూట తొంభై ఐదు. ప్రతి గురువారం రీనో వంగి ఆ ముల్లు చూసి ఈల వేసేవాడు. ఆ ఈల వింటే మార్లిస్‌కి వెన్నులోంచి చలి పుట్టేది. పెళ్ళినాటి ఉన్ని లంగా బీరువాలోంచి తీసి చూసుకుంటే నడుముకి పట్టింది. దాన్ని విప్పి, ఎవరో చూస్తారన్నట్టు, మంచం కిందికి తోసేసింది.

ఆదివారం చర్చిలో ప్రార్థనయ్యాక కాఫీల దగ్గర వెర్నా అనే ఆవిడ మార్లిస్ జబ్బ పట్టుకుని నిలేసింది. "ఏమే, ఎవణ్ణైనా చూసుకున్నావేంటే? ఇలా తీగలా అయిపోయావు?"

"మెట్లెక్కుతున్నా."

"తమ్ముడి కోసమటగా. రీనో అందరికీ చెప్పుకుని మురిసిపోతున్నాడు. ఇంకెంత ఉంది దిగడానికి?"

"కొంచెం," అంది మార్లిస్. కప్పు బల్లమీద పెట్టేసింది.

ఆవిడకి అసలు భయం కత్తి కాదు. నొప్పీ కాదు. మత్తు. ముక్కు మీద పెట్టి, పది నుంచి వెనక్కి లెక్కపెట్టమంటారే, అది.

మార్లిస్‌కి పదకొండో ఏడు, రీనోకి ఆరు. వాళ్ళమ్మకి పిత్తాశయంలో రాళ్ళని ఆపరేషన్ పెట్టారు. చిన్న ఆపరేషనేనన్నారు అందరూ. పొద్దున్నే కోటు వేసుకుంటూ, "రాత్రి భోజనం వేళకి నేను కబురు చేస్తా, మీ నాన్న వచ్చి చెబుతాడు. ఈలోగా దుంపలు ఉడకేసి ఉంచు," అని చెప్పి వెళ్ళిందావిడ. మార్లిస్ దుంపలు ఉడకేసింది. పళ్ళాలు పెట్టింది. తమ్ముణ్ణి బల్ల దగ్గర కూర్చోబెట్టి, "భోజనం వేళకి అంతా అయిపోతుందిరా, అమ్మకి బాగైపోతుంది," అంది. భోజనం వేళకి నాన్న వచ్చాడు. టోపీ తియ్యకుండానే వంటింట్లో నిలబడిపోయాడు. మత్తు ఇచ్చారు, ఆవిడ మళ్ళీ లేవలేదు. అంతే. కత్తి ఒంటికి తగలనైనా లేదు.

అప్పటినుంచి రీనోకి అన్నం పెట్టింది, బూట్లకి తాళ్ళు కట్టింది, బడికి పంపింది మార్లిస్. వాడికి అక్కా ఆవిడే, అమ్మా ఆవిడే. అలాంటి మనిషి వాడి కళ్ళలోకి చూసి, నాకు భయంరా, ఇవ్వలేను, అని ఎలా చెబుతుంది? చెప్పలేకపోయింది కాబట్టే నూట తొంభై. ఇప్పుడా నూట తొంభై మెట్టు మెట్టూ దిగి ఆవిడ దగ్గరికి వస్తోంది.

మార్చి మొదటి గురువారం తెల్లవారక ముందే లేచి, మార్లిస్ ఒక్కతే నేలమాళిగలోకి దిగి తూకం ఎక్కింది. నూట ఎనభై తొమ్మిది.

దిగి మళ్ళీ ఎక్కింది. అదే.

తమ్ముడి బకెట్టు మీదే కూలబడింది. రీనో ఇంకో రెండు గంటల్లో వస్తాడు. ఆ అంకె చూస్తాడు. చూసిన మరుక్షణం ఆసుపత్రికి ఫోను చేస్తాడు. చుట్టూ చూసింది. గోడవార అలమరలో వాడి చేపల పెట్టె ఉంది. చేతికి ఈ నరం కలిపినప్పటి నుంచీ బరువులెత్తకూడదని దాన్ని ఇక్కడ పడేశాడు. అందులో వల అంచుకి కట్టే సీసం గుళ్ళు. ఒక్కొక్కటీ అర పౌను. పాత సీసం కరిగించి, వాళ్ళ నాన్న అచ్చులో వాడే పోసినవి.

నాలుగు తీసుకుంది. పైకెళ్ళి, పాత దిండు గలీబు చింపి, నడుముకి కట్టుకునేలా ఒక సంచీ కుట్టింది. చలికి లోపల వేసుకునే ఉన్ని పైజమా, దానిమీద గౌను, దానిమీద స్వెట్టరు. ఆ చలిప్రాంతంలో మనిషి ఒంటిమీద ఎన్ని పొరలున్నాయో ఎవరు చూస్తారు? రీనో వచ్చాక తూకం ఎక్కితే ముల్లు సరిగ్గా నూట తొంభై ఒకటి మీద నిలిచింది.

"అబ్బా! ఇంకొక్క పౌను," అన్నాడు రీనో. కేలండరులో రాసుకున్నాడు. ఈల వెయ్యలేదు. ఆ సంగతి మార్లిస్‌కి అప్పుడు పట్టలేదు.

రెండో గురువారం ఆరు గుళ్ళు. మళ్ళీ నూట తొంభై ఒకటి.

"గట్టి పిండమే," అన్నాడు రీనో కేలండరు వైపు తిరిగి రాసుకుంటూ. "ఇంకో అయిదుసార్లు పెంచుదాం."

మూడో వారం వచ్చేసరికి మార్లిస్‌కి ఇంట్లో ప్రతి వస్తువూ తనని బయటపెట్టడానికే కాచుకుని ఉన్నట్టు అనిపించసాగింది. రాత్రి గుళ్ళని పిండి డబ్బాలో దాచేది, పొద్దున పిండి దులిపి సంచీలో వేసుకునేది. ట్రక్కు చప్పుడు ఎక్కడ వినపడినా గుండె ఆగేది. ఇంకోటేమిటంటే, ఆ సీసం మోసుకుంటూ మెట్లెక్కడం మూలాన ఒళ్ళు ఇంకా తొందరగా కరుగుతోంది. దాచుకోవడానికి కట్టుకున్న బరువే ఆవిడని ముందుకి తోస్తోంది. ఆ గురువారం తెల్లవారుజామున తూకం నూట ఎనభై ఏడు చూపించింది. ఎనిమిది గుళ్ళు కట్టుకుంది.

"తూకం తరవాత చూద్దాం. ముందు మెట్లు," అన్నాడు రీనో వస్తూనే. ఆ రోజు వాడి మొహం బాగాలేదు. కళ్ళ కింద ఉబ్బు. బకెట్టు మీద కూర్చోడానికే గోడ పట్టుకున్నాడు.

మార్లిస్ ఎక్కింది. దిగింది. ఎక్కింది. నడుం దగ్గర సంచీ ఒరుసుకుని మండుతోంది. పన్నెండోసారి, పద్నాలుగోసారి. రీనో కళ్ళు మూసుకుని లెక్కపెడుతున్నాడు. పదిహేడోసారి పైమెట్టు మీద అడుగు పెట్టబోతుంటే, ఎక్కడో పుటుక్కున దారం తెగిన చప్పుడు ఆవిడకి ఒంట్లోంచే వినిపించింది. చెయ్యి నడుం మీదికి పోయేలోగా ఒక గుండు పైజమా కాల్లోంచి జారి మెట్టు మీద పడింది.

టక్.

ఆగలేదు. కింది మెట్టు. టక్. ఆ కిందది. ఏడో మెట్టు మీద ఒక్క క్షణం ఆగి, అంచు దాకా దొర్లి, మళ్ళీ కిందికి. పదమూడు మెట్లూ దిగి సిమెంటు నేలమీద గుండ్రంగా తిరుగుతూ పోయి రీనో బూటుకి తగిలి ఆగింది.

మార్లిస్ పైమెట్టు మీద రెండు చేతులతో నడుం పట్టుకుని నిలబడిపోయింది. ఊపిరి పీల్చుకోవడానికి కూడా భయమేసింది, ఇంకోటి జారుతుందేమోనని.

రీనో వంగి దాన్ని తీశాడు. అరచేతిలో తిప్పి చూశాడు. "నాన్న అచ్చుదే. ఇదిగో, ఈ పక్కన బొడిపె. అచ్చుకి సొట్ట పడ్డప్పటి నుంచీ అన్నిటికీ ఇదే బొడిపె."

"రీనో…"

"ఇంకా ఏడున్నాయి కదా నీ దగ్గర?"

ఆవిడ తల ఊపింది.

"పోయినవారం ఆరు. దాని ముందువారం నాలుగు."

"నీకు… తెలుసా?"

"నేను వారానికి ఆరుసార్లు తూకం ఎక్కేవాణ్ణి అక్కా. యంత్రం ముందోసారి, యంత్రం తరవాత ఓసారి. గ్లాసుడు నీళ్ళకి ముల్లు ఎంత కదులుతుందో నన్నడుగు. బతికున్న మనిషి ఒళ్ళు మేకు కొట్టినట్టు వారాల తరబడి ఒకే అంకె దగ్గర ఆగదు. వెళ్ళి నా పెట్టె మూత తీసి చూసుకున్నా. లెక్క తగ్గింది."

"తెలిసీ ఎందుకురా నాచేత ఇన్ని మెట్లు ఎక్కించావు?"

 రీనో గుండుని ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకున్నాడు. "అడిగితే నువ్వు చెప్పేస్తావు. నువ్వు మెట్లెక్కుతున్నంతసేపూ ఇంకా ఇవ్వనన్నట్టు కాదు కదా. అందుకే లెక్క కూడా తక్కువ చెప్పేవాణ్ణి. ఇరవై అయితే పందొమ్మిది అనేవాణ్ణి. ఇంకోసారి ఎక్కుతావని."

మార్లిస్ మెట్టు మీద కూర్చుండిపోయింది. కూర్చుంటే సంచీలో మిగిలిన గుళ్ళు ఒకదానికొకటి తగిలి గలగలలాడాయి. వాడికి సీసం సంగతే తెలుసు. అసలుది తెలీదు. ఇప్పుడు ఆపేస్తే ఇంకెప్పుడూ చెప్పలేనని ఆవిడకి తెలుసు.

"నూట తొంభై వాళ్ళు చెప్పిన అంకె కాదురా. నేను చెప్పింది. నవంబరులోనే అన్నీ సరిపోయాయన్నారు. నేనే వద్దన్నా."

కింద ఇంటిని వెచ్చబెట్టే యంత్రం దానంతటదే బుస్సుమని రాజుకుంది. గాలి గొట్టాల్లోంచి ఊదుతోంది. రీనో తల ఎత్తలేదు.

"నవంబరులోనా."

"ఊఁ."

"నేను చెయ్యి చూపించిన రోజుకి…"

"అప్పటికే."

తిడతాడని కాచుకుంది. తిట్టాలని కూడా కోరుకుంది. రీనో మంచు ముక్కల కప్పు అందుకుని లోపలికి చూశాడు. అన్నీ కరిగిపోయాయి. తాగకుండా పక్కన పెట్టాడు.

"దుంపలేనా?" అన్నాడు.

మార్లిస్ సంచీ ముడి గట్టిగా పట్టుకుంది.

"నాకు గుర్తులేదనుకుంటావు. ఆరేళ్ళేగా అనుకుంటావు. ఆ గిన్నె నాలుగు రోజులు పొయ్యి మీదే ఉంది. నాన్న ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. మూత తీస్తే ఆ వాసన…" వాడు గోడ పట్టుకుని లేచాడు. మెట్లు ఎక్కడం మొదలుపెట్టాడు. మూడు ఎక్కి ఆగాడు. ఊపిరి తీసుకున్నాడు. ఇంకో రెండు. వాడు ఎక్కుతుంటే మార్లిస్ తనకి తెలీకుండానే లెక్కపెట్టుకుంటోంది. ఏడో మెట్టు కిర్రుమంది. ఆవిడకి రెండు మెట్ల కింద ఆగి, ఆవిడ చెయ్యి లాగి, గుండు అరచేతిలో పెట్టి, వేళ్ళు మూశాడు.

"లోపల పెట్టుకుని గట్టిగా కుట్టుకో. దిగి తూకం ఎక్కు. నూట తొంభై ఒకటి వస్తుంది. అదే రాస్తా. ఊళ్ళో కూడా అదే చెబుతా. మా అక్క పాపం చాలా కష్టపడింది, దిగలేదని."

"వద్దురా."

"నేను అడగట్లేదే. ఇస్తున్నా. తీసుకో."

వాడు కిందికి వెళ్ళి కేలండరులో ఏదో రాసి, మళ్ళీ అన్ని మెట్లూ ఎక్కి, కోటు తగిలించుకున్నాడు. "శనివారం రోడ్లు బాగుండవట. రాను," అన్నాడు తలుపు దగ్గర. ట్రక్కు రెండుసార్లు దగ్గి రాజుకుంది. మలుపు తిరిగింది.

ఈసారి మార్లిస్ సామాన్ల గదిలోకి పోలేదు. నేలమాళిగలోకి దిగింది. సంచీ విప్పి, ఎనిమిది గుళ్ళూ నేలమీద పెట్టి, తూకం ఎక్కింది. నూట ఎనభై ఏడు. గుళ్ళన్నీ గౌను ఒడిలో పోసుకుని మళ్ళీ ఎక్కింది. నూట తొంభై ఒకటి. ఇంక ఎవరూ ఏమీ అనరు. ఏ తలుపూ ఎవరూ తట్టరు. నాలుగు నెలలుగా ఆవిడ కోరుకున్నది అదే. కానీ భయం పోలేదు సరికదా, రూపు మార్చుకుంది. ఇన్నాళ్ళూ తను ఒక్కతే ఆపరేషన్ బల్లమీద పడుకుని పది నుంచి వెనక్కి లెక్కపెడుతున్నట్టు కలలొచ్చేవి. ఇప్పుడు కళ్ళు తెరిచే ఉన్నా వేరేది కనిపిస్తోంది. బల్ల దగ్గర వంటింట్లో నిలబడి, టోపీ తియ్యకుండా, ఎవరో వచ్చి రీనో సంగతి తనకి చెబుతున్నారు.

కేలండరు దగ్గరికి వెళ్ళింది. ఎప్పుడూ దాన్ని దగ్గరగా చూడలేదు. భయం చేత. మార్చి మొదటి గురువారం గడిలో 191. దాని కింద, పెన్సిలు ఆనీ ఆననట్టు, చిన్నగా 189. రెండోవారం 191, కింద 188. వాడు గుళ్ళు తీసేసి లెక్కవేసుకున్నాడు. ఈ రోజు గడిలో 191 ఒక్కటే ఉంది. కింద ఖాళీ.

మార్లిస్ మెట్లెక్కి వంటింట్లో ఫోను దగ్గరికెళ్ళింది. అంకెలు నొక్కడానికి మూడుసార్లు పట్టింది. 

"ఓడెగార్డ్ గారేనా అండీ? నేను మార్లిస్‌ని. నవంబరులో… వద్దన్నదాన్ని."

"చెప్పండి, గుర్తున్నారు."

"మళ్ళీ రావొచ్చా?"

అవతల కుర్చీ జరిగిన చప్పుడు. "రావొచ్చు. పరీక్షలు కొన్ని మళ్ళీ చెయ్యాలి. మీ మీద ఎవరైనా ఒత్తిడి…"

"లేదండీ. వాడు మానెయ్యమన్నాడు."

"భయం తగ్గిందా?"

మార్లిస్ గోడకి ఆనుకుంది.  "లేదు. ఇప్పుడు కూడా చేతులు వణుకుతున్నాయి. ఇంతకంటే తగ్గదనుకుంటా. కానీ వాడికి ఒక్క చెయ్యే మిగిలింది."

"చూడండి, మత్తిచ్చే గది గుమ్మం దాకా వచ్చి కూడా మీరు వద్దనొచ్చు. అప్పుడు కూడా ఎవరికీ ఎందుకో చెప్పం."

"సరేనండీ." అని, ఫోను పెట్టెయ్యబోయి, గట్టిగా పట్టుకుంది. "ఒక్క మాట. రాసుకుంటారా? ఆ రోజు పొద్దున, డాక్టరుగానీ నర్సుగానీ ఎవరైనా సరే, భోజనం వేళకి అయిపోతుందని నాతో అనకూడదు. వాడితో కూడా అనకూడదు. ఏ వేళ అనీ చెప్పకూడదు. చిన్న ఆపరేషనని కూడా అనకూడదు."

 కాగితం మీద కలం గీసుకున్న చప్పుడు వినిపించింది. "రాసుకున్నాను. ఇంకేమైనా?"

"ఇంకేమీ లేదు."

"ఇప్పుడు మీ బరువెంతండీ?"

"నూట ఎనభై ఏడు," అంది మార్లిస్. "సీసం లేకుండా."

"ఏంటండీ?"

"ఏమీ లేదండీ."

ఫోను పెట్టేసింది. రీనో ఇంకా దారిలోనే ఉంటాడు. ఇంటికి చేరాక చెప్పాలి. ఎలా చెప్పాలో తెలీదు. మళ్ళీ నేలమాళిగలోకి దిగింది, గోడ పట్టుకుని, ఒక్కొక్క మెట్టూ. దారానికి కట్టిన పెన్సిలు అందుకుని, ఈ రోజు గడిలో 191 కింద ఉన్న ఖాళీలో 187 రాసింది. చెయ్యి వణికి ఏడు వంకర పోయింది. దాన్ని చెరిపి సరిగ్గా రాద్దామనుకుని, రెండోసారి కూడా అలాగే వస్తుందని వదిలేసింది.